కిరీటం పట్టని వాకిలి

"తాతా, ఇండ్ల ప్లాన్లు గీసేవాడివి, నాటకాల సెట్టింగులకు యెట్టా పోయినావు?"

అదా? నువ్వు ఆర్కిటెక్చర్ సదివి సినిమా సెట్టింగుల పనిలో సేరతానంటే మీ నాయన మూతి ముడుసుకున్నాడే, మా నాయనా అట్నే సేసినాడు మే.

తిరుపతిలో ఒక ఇంజినీరు దగ్గర ప్లాన్లు గీస్తా ఉంటి. టీ పావలా దినాలు... కాదు కాదు, అర్ధరూపాయి అయిపోయింటాది. మీ పెద్దత్త అప్పుడు మీ అవ్వ కడుపులో ఉండాది. ఆ పని ఇడిసిపెట్టి సెట్టింగులు కడతా, గోడపత్రికలు గీస్తా అంటే నాయన రొండు నెల్లు నాతో మాట్లాడలా. ఆయనా నాటకాల మనిషే, రాజు వేషం కట్టేవాడు. అయినా కొడుక్కి మాత్రం నెల జీతం ఉండాల!

మొదటి నాటకానికి గోడపత్రిక బాగా కుదిరిందిలే. ప్లాను మింద గదుల పేర్లు రాసి రాసి చెయ్యి తిరిగుండాది గదా. బస్సులో పోయేవాడు గూడా సదివేటట్టు రాసినా. దాంతో నాకు శానా గర్వం వచ్చె.

సత్యవేడులో ఆ నాటకం, రాజు వేషం నాయనదే. రీపరు కట్టెలు, గుడ్డ, రంగులతో రాజసభ కట్టినా. అంతా టేపు పెట్టి, అచ్చం కట్టడం మాదిరే. వాకిలి మూడడుగుల ఎడల్పు, ఆరున్నర ఎత్తు, ఇండ్లకి పెట్టినట్టే. అదే నా కొంప ముంచింది. నాయన కిరీటం, భుజకీర్తులు కట్టుకోని వచ్చి వాకిట్లో ఇరుక్కున్నాడు. పక్కకి తిరిగినాడు, వంగితే కిరీటం జారతాది, ఊహూఁ. జనం ఒకటే ఈలలు.

మా పక్క కిరీటం ఒకసారి కట్టినారంటే మంగళం పాడేదాకా తియ్యరు మే. వేషానికి దండం పెడతారు. నాయన ఆ కిరీటాన్నే తీసి సేత పట్టుకోని, తల వంచుకోని లోపలికొచ్చినాడు. పద్యం మాత్రం తప్పలా. తెర వెనకాల నేను ఏడ్సేసినా, నీకాడ సిగ్గేముండాది.

తెల్లారి, మళ్లా ఆ ఇంజినీరు కాళ్లే పట్టుకుందామని సొక్కాయి ఏసుకుంటా ఉంటి. వసారాలో నుంచి నాయన పిలిసినాడు. పోయి సూస్తే లుంగీ మింద భుజకీర్తులు, నెత్తిన కిరీటం, నిటారుగా నిలబడుండాడు. రొండు నెల్ల తర్వాత నాతో ఆడిన మొదటి మాట.

"టేపు తేరా. ఈసారి నన్ను కొలుసుకో."

కొలిసినా... రొండుసార్లు తప్పు రాసినా గూడా...

మీ నాయనకి నేను సెప్తాలే. నువ్వు పో తల్లీ. సల్లగా ఉండు. నీ సెట్టింగులో ఎవురూ తల వంచుకోకుండా కట్టు.