మా అవ్వ పట్టిచ్చిన నలుగుపిండి

"అమ్మమ్మా, ఇయ్యాల బాబుకు నువ్వు నీళ్ళు పొయ్యరాదు?"

నన్ను పొయ్యమనకు బిడ్డా. మోకాళ్ళ నొప్పులని గాదు. కూసో, చెప్త.

మా అవ్వ, అదే మా అమ్మ, నీకు జర యాదుండొచ్చు, అరుగు మీద కూసునేది. నల్గొండ దిక్కు పల్లె నుంచి సరూర్‌నగర్‌కు ఒచ్చినప్పుడు గీ గల్లీల పది ఇండ్లు లేవు. కిరాయి నలభై... కాదు కాదు, ముప్పై రూపాలే. నల్లా లేకుంటె ఆడోళ్ళందర్ని ఎంటేసుకోని, ఖాళీ బిందెలతోని నీళ్ళ ఆఫీసు ముంగట కూసోని నల్లా తెచ్చింది. ఇగ ఎవలింట్ల కాన్పైనా పసిగుడ్డుకు అవ్వనే నీళ్ళు పొయ్యాలె. పీట మీద కాళ్ళు సాపి, కాళ్ళ మీద పోరన్ని బోర్ల పండవెట్టి నలుగు రుద్దుతుంటె, ఏడిసేటోడు గుడ నిమ్మలమైతుండె. పైసా ముట్టేది గాదు.

ఎదురింట్ల రత్నమ్మ గారని, కోస్తా నుంచి ఒచ్చినోళ్ళు. అవ్వను పిన్నిగారూ అనేది. ఆమె పిల్లలకు గుడ అవ్వనే పోసింది. మా సకినాలు వాళ్ళింటికి, వాళ్ళ అరిసెలు మా ఇంటికి.

గంతల ఉద్యమం ఒచ్చె. ఎల్‌బీ నగర్ చౌరస్తల వంటావార్పు పెడితే, రోడ్డు మీద రాళ్ళ పొయ్యి పెట్టి వండింది అవ్వ. దేంట్ల? రత్నమ్మ గారింటి పెద్ద గిన్నెల! "పిల్లలు ఆకలితో ఉంటారు పిన్నిగారూ, తీసుకెళ్ళండి" అని ఆమెనే ఇచ్చింది. వాళ్ళు మంచిగనే ఉన్నరు. నాకే వాళ్ళ మీద కడుపు మండింది. నీ మేనమామ దిల్‌సుఖ్‌నగర్ల లాఠీ దెబ్బలు తిని, చెయ్యి ఇరిగి పండుకున్నడు గద. కన్నకడుపు, ఎట్లుంటది చెప్పు?

సరిగ్గ గప్పుడే రత్నమ్మ గారి బిడ్డకు కొడుకు పుట్టిండు. పొద్దుగాల ఆమె గేటు కాడికొచ్చి, "పిన్నిగారు ఉన్నారా అమ్మా? మనవడికి రేపు నీళ్ళు పోయాలి, ఆవిడ చెయ్యి పడాలి" అన్నది. అవ్వ ఎన్క బట్టలు పిండుతున్నది. నేనేమన్ననో ఎర్కేనా? "మా అవ్వ ఇగ మీ ఇండ్లకు రాదంట. పిలవొద్దని చెప్పమన్నది" అన్న. ఆమె మొఖం గింతయింది. "అలాగేనమ్మా" అనుకుంట పోయింది.

అవ్వకు కాన్పు సంగతి ఎర్కైంది. గిర్నీకి పోయి నలుగుపిండి పట్టిచ్చుకొచ్చింది. ఆముదం గిన్నె పక్కన పెట్టుకోని, అరుగు మీద కూసోని ఆ ఇంటి దిక్కే సూసుడు. పిలువంది పసిగుడ్డును ముట్టద్దని ఆమె పట్టింపు. దినం పాయె, వారం పాయె. పిండికి పురుగు పట్టింది. "ఉద్యమమని నన్ను పరాయిదాన్ని చేసిండ్రు గదనే" అన్నది. నేను పక్కనే కూసోని బియ్యం ఏరుతున్న. నోరు తెరిస్తె ఒట్టు.

గప్పటి సంది ఎవలు పిలిచినా పోలే. రాష్ట్రం ఒచ్చిందని గల్లీ గల్లీల పటాకులు కాలుస్తుంటె, గేటు దాక గుడ రాలే. మళ్ళ ఏడాదికి అవ్వ పానం పోయింది. రత్నమ్మ గారొచ్చి, పీనుగు కాళ్ళు పట్టుకోని, "నేనేం తప్పు చేశానని రానన్నారు పిన్నిగారూ" అని ఎక్కెక్కి ఏడ్సింది. గప్పుడన్న చెప్పొద్దా నేను? నలుగురి ముందల సిగ్గైంది. సిగ్గట! థూ, నా బతుకు పాడుగాను.

చెప్దామంటె ఇప్పుడు రత్నమ్మ గారు గుడ లేదు. పోయిన ఏడే వాళ్ళ ఊర్ల పోయిందట.

గందుకే, నా కాళ్ళ మీద వాన్ని పెట్టకు. మీ అత్తమ్మను పొయ్యమను, నేను సాంబ్రాణి ఏస్త. పో, నీళ్ళు సల్లారుతున్నయి. నూరేండ్లు బతకాలె వాడు. మా అవ్వ చెయ్యి అసోంటి చెయ్యి రావాలె వానికి. నా నోరు మాత్రం రావద్దు బిడ్డా... నా నోరు రావద్దు.