ట్యాంకు మీద మూత

చుట్టరికాల సంగతి తర్వాత మాట్లాడుకుందాం, బావా. ముందు కూర్చో. ఫిర్యాదు వెనక్కి తీసుకోమని పొద్దున్నే షెడ్డు మూసుకుని వచ్చావా? ఆ, మరిచిపోయా. నువ్వు మూయక్కర్లేదుగా, రవాణా ఆఫీసువాళ్ళే వచ్చి సీలు వేసిపోయారు.

ఏంటీ, చిన్న పొరపాటా?

నా వ్యానుకి గ్యాస్ కిట్టు పెట్టింది నువ్వు. బానెట్ ఎత్తి అంతా చూపించిందీ నువ్వే. వెనక సీటు కింద ట్యాంకులో గ్యాసు నీళ్ళలా ఉంటుందన్నావు. పైపులో ముందుకొచ్చి, ఇంజను వేడినీళ్ళు తిరిగే డబ్బాలో ఆవిరై, జోరు తగ్గి, గాలితో కలిసి ఇంజనులోకి పోతుందన్నావు. "ఇది గాలికన్నా బరువు అమ్మాయ్, కారితే పైకి పోదు, కాళ్ళ దగ్గరే చేరుతుంది" అన్నావు. అందుకే ట్యాంకు వాల్వు మీద మూత బిగించి, దాని గొట్టం బండి అడుగునుంచి బయటికి పెట్టాలనీ నువ్వే చెప్పావు. ఎంత చక్కగా చెప్పావని. తెలియక చేసినవాడివైతే ఓ దండం పెట్టి ఊరుకునేదాన్ని.

మొన్న వాల్వు విప్పి బాగుచేశావు, సరే. మూత మళ్ళీ ఎందుకు పెట్టలేదు?

సీటుకి అడ్డమొస్తోందా? అయితే జరపాల్సింది సీటు కదయ్యా.

పోనీ, బిగించాక సబ్బు నురగ రాసి బుడగలొస్తున్నాయేమో చూశావా? నువ్వు అద్దంలో మీసం దువ్వుకునేంతసేపు కూడా పట్టదే.

వాసనొస్తోందని ఫోన్ చేశాను. "గ్యాస్ బండిలో గులాబీల వాసనొస్తుందా?" అన్నావు. నీ పక్కన ఎవడో నవ్వాడు కూడా. అంత పెద్ద మెకానిక్కువి, నీ మాట నమ్మి బండి తీశాను.

సాయంత్రం కుట్టు ఫ్యాక్టరీ ఆడవాళ్ళని ఎక్కించుకుని వస్తున్నా. వాన. కిటికీలన్నీ మూసేశారు. వెనక సీట్లో అక్క, నీ పెళ్ళాం, సరిగ్గా ఆ ట్యాంకు మీద. రైలు గేటు దగ్గర ఆగేసరికి వాసన గొంతులోకి వచ్చేసింది. ఇంజను ఆపేసి, "ఫోన్లు తీయొద్దు, లైటు వేయొద్దు, దిగండి" అన్నాను. అందరూ దిగారు. అక్క దిగలేదు. ఓ పక్కకి ఒరిగి ఉంటే నిద్రపోతోందనుకున్నారట.

నేనూ ఇంకో పెద్దావిడా చెరో రెక్క పట్టుకుని లాక్కొచ్చాం. నువ్వు నేర్పినట్టే తలుపులన్నీ తెరిచి, ఊపిరి బిగబట్టి వెళ్ళి వాల్వు కట్టేశాను. అవతల ఒకాయన సిగరెట్టు వెలిగించబోతుంటే వ్యాను వ్యానంతా అతని మీద పడి అరిచింది. అక్క బురదలో పడుకుని వాంతి చేసుకుంటోంది. వాంతి చేసుకుంటోంది, బతికే ఉంది అని నేను ఏడుస్తున్నా.

ఆసుపత్రికి వచ్చి నువ్వు అడిగిన మొదటి మాట గుర్తుందా? "బండికేం కాలేదుగా?" అన్నావు.

తను వింది. కళ్ళు మూసుకుందంతే.

ఎందుకలా చూస్తావు? నువ్వు తప్పు మనిషిని పట్టుకున్నావు, బావా. ఫిర్యాదు ఇచ్చింది నేను కాదు. ఇద్దామనే బయల్దేరా, అక్క కాపురం ఏమైపోతుందోనని సగం దారిలో వెనక్కి వచ్చేశా. అక్కే వెళ్ళింది. చేతికి సెలైన్ సూది పెట్టినచోట ప్లాస్టరు ఇంకా తీయకుండానే ఆటో ఎక్కి రవాణా ఆఫీసుకి పోయింది. ఆ మూత నీ షెడ్డులో ఏ మూల పడుందో కూడా చెప్పి వచ్చింది. ఊడ్చేది తనేగా.

అవును, లోపలి గదిలోనే ఉంది. ఆ తలుపు తట్టకు. నువ్వు వచ్చినప్పటి నుంచీ మెలకువగానే ఉంది, రావాలనుంటే ఈపాటికి వచ్చేది.

నన్ను బతిమాలి ఏం లాభం? వెళ్ళు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గరికి వెయ్యి.