పదకొండు గంటల భోంగా

అధ్యక్ష స్థానంలో ఉన్న మేనేజర్ ఆత్మారాం గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనుక వరుసలో వంట వాసన పీలుస్తూ నా ప్రసంగం ఎప్పుడు ముగుస్తుందా అని చూస్తున్న కార్మిక సోదరులకు, చెరుకు బండ్లు గేటు ముందే విడిచి వచ్చిన రైతన్నలకు నమస్కారాలు. (నవ్వులు)

ఇరవై రెండేళ్లు ఈ చక్కెర ఫ్యాక్టరీలో వేళవేళకు భోంగా కూత మోగించి, ఈ రోజు రిటైరవుతున్న ఈ లింబయ్య ఒక్క నిమిషం అటూ ఇటూ కానివ్వలేదని ఇందాక వక్తలు పొగుడుతుంటే, అదిగో, ఆడవాళ్ల వైపు కూర్చున్న మా ఇంటామె గంగమణి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎందుకు నవ్విందో కొత్తగా చేరినవాళ్లకు తెలియదు.

తొమ్మిదేళ్ల కిందట, సీజన్ మంచి ఊపు మీదున్నప్పుడు, ఆమె కడుపులో గడ్డ లేచింది. నిజామాబాద్ దవాఖానాలో పదకొండు గంటలకు ఆపరేషన్. ఆశ సగమే పెట్టుకోమన్నారు డాక్టరు గారు. ప్రాణం మీదికి వచ్చింది ఆమెకు, ఏడ్చింది నేను, కసిరింది మళ్లీ ఆమే. "నువ్వు ఈడ నిలబడి ఏం జేస్తవు? మా అన్న ఉన్నడు గద. పోయి నీ భోంగా సూస్కో," అన్నది.

వచ్చి గడియారం ముందు కూర్చున్నాను. ముల్లు పదకొండు మీదికి వచ్చింది. ఇప్పుడు లోపలికి తీసుకుపోతారు అనుకున్నాను, అంతే, చెయ్యి దానంతట అదే తాడు లాగేసింది. పన్నెండుకు కూయవలసిన అన్నం భోంగా గంట ముందే కూసింది. యార్డులో వాళ్లు చేతులు కడుక్కున్నారు, బండ్ల వాళ్లు ఎద్దులకు మేత వేశారు, ఊళ్లో పంతులు గారు బడి వదిలేశారు. (నవ్వులు)

ఎవరి పని ఇది అని అప్పటి మేనేజరు గారు వచ్చి అడిగితే, కాటా దగ్గరి పోశన్న ముందుకొచ్చి, తమకే ఆకలైందని, తామే మోగించమన్నామని చెప్పాడు. ఆయన అటు వెళ్లగానే తన జొన్నరొట్టె విరిచి సగం నా చేతిలో పెట్టాడు.

"తిను లింబన్న. వదినె ఇంటికొచ్చినంక అడిగితే, తిన్న అని చెప్పాలె."

వస్తే అనలేదు, వచ్చినంక అన్నాడు. డాక్టరు గారు సగమే ఇచ్చిన ఆశను ఆ ఒక్క మాటతో పోశన్న పూర్తి చేశాడు. రెండింటికి ఫోను వచ్చింది, బతికిందని. ఆమె కోలుకునే దాకా, ఎవరూ అడగకుండానే మా పిల్లలిద్దరినీ పక్కింటి భూమవ్వ తన ఇంట్లోనే ఉంచుకున్నది. భూమవ్వ పెట్టిన తిండి మరిగి, ఇంటికి తిరిగి వచ్చినప్పుడు వాళ్లు మమ్మల్ని గుర్తుపట్టలేదు కూడా. (నవ్వులు)

అప్పటి నుంచి గంగమణి పదకొండుకే కంచం ముందు కూర్చుంటుంది. ఇదేం వేళ అని అడిగితే, "ఊరంత నా కోసం తిన్న యాళ్ల గది," అంటుంది.

మీ అందరి రుణం నేను మాటల్లో తీర్చలేను. మేనేజరు గారిని ఒక్కటే కోరాను, ఆయన ఒప్పుకున్నారు. ఇక నుంచి భోంగా చూసుకునే రాజలింగు అక్కడ తాడు పట్టుకుని నిలబడ్డాడు. గడియారం పదకొండు చూపిస్తున్నది. ఈసారి తప్పు కాదు, అందరం కలిసే తిందాం.

రాజలింగూ, లాగు. నాకిక సెలవు.