మా బావి మోటారు ఎవరూ దొంగిలించలేదు

నా పేరు జాడి తీతు. తండ్రి రాయమల్లు. వయసు అరవై నాలుగు. బొగ్గు గనిలో పంపు ఆపరేటరుగా చేసి రిటైరయ్యాను. సెంటినరీ కాలనీలో కంపెనీ క్వార్టరు ఖాళీ చేశాక గోదావరిఖనిలో ఇల్లు కట్టుకుని భార్య సువార్తతో ఉంటున్నాను. బడి చదువు మూడో తరగతి. మిగతాది కిరాణం పొట్లాల కాగితాల మీద చదువుకున్నాను. ఆ సంగతి అక్కరలేదని ఈ వాంగ్మూలం రాస్తున్న హెడ్డు కానిస్టేబుల్ నర్సింగం గారు అన్నారు. కానీ రాశారు.

నిన్న, అంటే 2009 మే 11న, కళ్ళ పరీక్షకు మంచిర్యాల వెళ్ళి, రాత్రి బంధువుల ఇంట్లో ఉండి, ఈ రోజు ఉదయం తొమ్మిదింటికి ఇల్లు చేరాను. సువార్త ఇంట్లో లేదు. కాళ్ళు కడుక్కుందామని మోటారు స్విచ్ వేశాను. చప్పుడు రాలేదు. పెరట్లో చూస్తే బావి గట్టు మీద బోల్టులున్నాయి, మోటారు లేదు.

గని లోపల ఒక పద్ధతి ఉంది. పంపు ఆగితే ముందు పైకి కబురు చెప్పాలి. ఎందుకు ఆగిందో తర్వాత అడగాలి. అడుగుతూ నిలబడితే నీళ్ళు మెడదాకా వస్తాయి. ఆ అలవాటు కొద్దీ పక్కింట్లో కూడా అడగకుండా నేరుగా ఠాణాకు వచ్చి, మోటారు పోయిందని ఫిర్యాదు ఇచ్చాను.

పదిన్నరకు కానిస్టేబుళ్ళు బస్టాండు నుంచి ఒక మనిషిని తెచ్చారు. అతని గోనెసంచిలో నా మోటారు ఉంది. పేరు కొర్రా సొంబరి. అరకు వైపు కొండల మీద కాఫీ పండించే రైతు.

“అమ్మే ఇచ్చింది బాబూ,” అన్నాడు.

“ఏ అమ్మ?” అని గద్దించాను.

“చర్చి అమ్మ. కిస్మస్‌కి మా ఊరొచ్చింది.”

అతన్ని లోపల కూర్చోబెట్టారు. అంతలో సంగతి తెలిసి సువార్త పరుగున వచ్చింది. మా కొడుకు డానీ పేరుతోనే నన్ను పిలుస్తుంది.

“ఓ డానీ నాయినా, నీకు బుద్ధున్నదా? మోటారు నేనే ఇచ్చిన! బోల్టులు నేనే ఇప్పిన, నీ పానాతోని!”

“నాకొక మాట చెప్పొద్దా?”

“చెప్తే నువ్వు ఊకుంటవా? మోటారు పుట్టిన కాన్నుంచి కథ షురూ చేస్తవ్. ఆయన బస్సు పోతది.”

ఎస్సై గారు కూడా నవ్వారు. సువార్త నవ్వలేదు.

“క్రిస్మస్‌కు చర్చోళ్లతోని వాళ్ల ఊరికి పోయిన కదా. కాఫీ పండ్లు కడిగిన నీళ్లు ఊరి పక్క వాగుల కలుస్తయి. అవే తాగుతున్నరు. మంచి ఊటేమో కింద లోయల ఉన్నది. ఒక బాలింత బిందె నెత్తిన పెట్టుకొని ఎక్కంగ చూసిన. డానీ పుట్టినప్పుడు నేను గట్లనే బోరింగు కాడికి పోయిన. నువ్వేమో డ్యూటీల నీళ్లు తోడి బయట పారబోస్తున్నవ్.”

ఆమె అన్నది నిజమే. అది కూడా రాయమన్నాను.

చర్చి వాళ్ళు ఆ ఊరికి పైపులు పంపారట. కరెంటు కూడా వచ్చిందట. మోటారొక్కటే తక్కువైందట, అందుకే సువార్త సొంబరిని పిలిపించిందట. నేను ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. సొంబరిని వదిలారు. కానీ అతను సంచి ముట్టుకోలేదు.

“మీరే ఉంచీసుకోండి బాబూ. దొంగ మాట పడిన మోటారు. ఈ నీళ్ళు మావోళ్ళు తాగరు.”

ఎంత చెప్పినా వినలేదు. సంచిలోకి చూస్తే ఫుట్‌వాల్వు లేదు. అది మా బావి అడుగునే ఉండిపోయింది. పైపు కొసకు అది లేకపోతే నీళ్ళు కిందికి జారిపోతాయి, మోటారు ఉత్తగా తిరిగి కాలిపోతుంది. నర్సింగం గారి బండి మీద ఇంటికి వెళ్ళి, పైపు పైకి లాగి, ఫుట్‌వాల్వు ఇప్పి తెచ్చాను. చొక్కా మొత్తం తడిసింది.

సొంబరి చేతిలో పెట్టి, “ఇది నా చేతులతోని ఇస్తున్న. మొదలు పైపు నిండ నీళ్లు పొయ్యాలె, ఆ తర్వాతనే స్విచ్,” అన్నాను.

అతను దాని పాచి తన తువాలుతో తుడిచి, మోటారు పక్కన సంచిలో పెట్టాడు. తర్వాత సంచి ఎత్తుకున్నాడు.

“మరి మనింట్ల నీళ్లెట్లనే?” అని సువార్తను అడిగాను.

“తాడున్నది, బకెటున్నది. డ్యూటీ లేని మొగడున్నడు,” అంది.

మోటారు నా భార్య, ఫుట్‌వాల్వు నేను, ఎవరి బలవంతమూ లేకుండా ఇచ్చాం. సొంబరి దొంగ కాదు. హెడ్డు గారు ఇదంతా చదివి వినిపించారు. కొంత కత్తిరించారు గానీ ఉన్నదంతా నిజం. దీని నకలు ఒకటి సొంబరికి ఇమ్మని కోరుతున్నాను. మోటారు వేసిన రోజు, నీళ్ళు తాగే ముందు, వాళ్ళ ఊరి వాళ్ళందరికీ చదివి వినిపించమని చెప్పాను.

(సంతకం) జాడి తీతు