చెయ్యి వెనక్కి తీసుకునే విద్య

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు నా గొంతు వినబడకపోతే ముందుకు జరగండి, మొహమాటపడకండి. మైకు కావాలనే పెట్టలేదు. ట్యూబులైట్లు సగం ఆర్పేసింది కూడా కావాలనే. ఈ గదిలో మన పిల్లలున్నారు. మైకు ఒక్కసారి కీచుమంటే వాళ్ళ చెవుల్లో సూది దిగినట్టుంటుంది, వెలుగు ఎక్కువైతే కళ్ళలోనూ అంతే. ఇక్కడ ఏ మీటింగు జరిగినా అన్నయ్య ముందు ఆ స్విచ్చుల దగ్గరికే వెళ్ళేవాడు. ఇవాళ ఆ పని నేను చేశాను. చేస్తుంటే ఏడుపొచ్చింది.

మన లాండ్రీ అన్నయ్య ఇక లేడు. ఆయన చేత బట్టలు ఉతికించుకున్నవాళ్ళు వచ్చారు. పక్క షాపులవాళ్ళు ఇవాళ్టికి షట్టర్లు దించి వచ్చారు. వదిన పనిచేసే ఆసుపత్రి నుంచి నర్సులు డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా వచ్చారు. ఈ థెరపీ సెంటరు మేడమ్ ఉన్నారు. పిల్లల్ని చంకనేసుకుని, బతిమాలుకుని తెచ్చిన అమ్మానాన్నలున్నారు. అందరికీ పేరుపేరునా దండం.

నేనెవరో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తాను. అదిగో, కిటికీ దగ్గర కర్టెన్ పట్టుకుని ఊగుతున్నాడే, వాడి తల్లిని. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులం కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం. దానికి అధ్యక్షుడు అన్నయ్య, గొడవలు పడే డిపార్ట్‌మెంటు నాది. అందుకని ఇవాళ నేను ఏడ్చి కూర్చోను. ఒక సంగతి మీ అందరి ముందూ తేల్చుకుని వెళ్ళాలని వచ్చాను.

ఆ సంగతి ముందు వరసలో కూర్చుని ఉంది. చెవులకు పెద్ద పెద్ద మూతలు పెట్టుకుని, ఒళ్ళో ఇసుక గడియారం పెట్టుకుని కూర్చున్న ఆ అమ్మాయి అన్నయ్య కూతురు. ఎప్పుడూ సన్నగా ఝుమ్మని రాగం తీస్తూ ఉంటుందని వాళ్ళ నాన్న తుమ్మెద అని పిలిచేవాడు. మాటలు చాలా తక్కువ. వయసొచ్చిన పిల్ల, పని వచ్చిన పిల్ల. తండ్రి పోయిన మర్నాటి నుంచీ ఇంట్లో ఒకటే చర్చ. షాపు మూసేద్దాం, తుమ్మెదను ఎక్కడైనా హాస్టల్లో పెడదాం, అని. అదెంత వరకూ సబబో చెప్పే ముందు, ఆ పిల్ల తండ్రి ఏం చేశాడో చెప్పాలి.

నేను ఆయన్ని మొదటిసారి చూసింది ఈ గది బయటి వరండాలోనే. అప్పట్లో అక్కడ బెంచీలుండేవి. పిల్లల్ని లోపలికి పంపి మేమందరం బయట కూర్చునేవాళ్ళం. ఒకరు కునుకు తీసేవారు, ఒకరు ఫోను చూసుకునేవారు, మిగిలినవాళ్ళం అత్తగార్ల మీద చెప్పుకునేవాళ్ళం. ఒక్కాయన మాత్రం తలుపుకున్న చిన్న అద్దానికి ముక్కు ఆనించి నిలబడేవాడు. ఊపిరికి ఆ అద్దం మసకబారిపోతే చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ చూసేవాడు. మాకు నవ్వొచ్చేది. పాపం కూతురి మీద బెంగ కాబోలు అనుకున్నాం.

బెంగ కాదు. లోపల మేడమ్ ఏం చేస్తున్నారో, ఎలా చేస్తున్నారో చూసి నేర్చుకుంటున్నాడు. ఒకరోజు తలుపు తట్టి, నన్నూ లోపల కూర్చోనివ్వండి అని అడిగాడు. పిల్లల ధ్యాస చెదురుతుందని మేడమ్ ఒప్పుకోలేదు. ఆ మాట మేడమే నాకు చెప్పారు కాబట్టి ఇప్పుడు చెబుతున్నా ఏమీ అనుకోరు. అన్నయ్య గొంతు పెంచలేదు. "మీ దగ్గర ఉండేది వారానికి రెండు గంటలమ్మా. మిగతా అంతా నా దగ్గరే. మరి నేర్చుకోవాల్సింది ఎవరు?" అన్నాడు. మేడమ్ తలుపు బార్లా తీశారు. ఇప్పటికీ వేయలేదు.

ఆయన ఊరుకుంటాడా? బెంచీల మీదున్న మమ్మల్ని కూడా లేపాడు. నేను ఊరికే లేచే రకం కాదు. రోజంతా కౌంటర్లో కూర్చుని వచ్చాను, కాస్త నడుం వాల్చనివ్వరా, అందుకేగా ఇక్కడ చేర్పించింది అన్నాను. అప్పుడాయన అన్న మాట మా సంఘం బోర్డు మీద రాయించాల్సింది. "పిల్లల్ని మూట కట్టి ఇచ్చి, సాయంత్రానికి ఇస్త్రీ చేసి తీసుకుపోదామంటే కుదరదు చెల్లెమ్మా. నేను ఆ వ్యాపారంలోనే ఉన్నాను, నాకు తెలుసు" అన్నాడు.

ఆ తర్వాత ఆ బెంచీలు ఎవరికీ అక్కర్లేకుండా పోయాయి. ఉయ్యాలలో ఎలా ఊపితే మా అబ్బాయి నెమ్మదిస్తాడో, బొమ్మల కార్డులతో ఏది కావాలో ఎలా అడిగించాలో, పళ్ళు తోముకోవడాన్ని ఎన్ని ముక్కలు చేసి నేర్పాలో, అన్నీ ఈ గచ్చు మీద కూర్చుని నేర్చుకున్నాం. కొందరు అరచేతిలో వైకుంఠం చూపించడానికి కూడా వచ్చారు. ఏదో పొడి తినిపిస్తే ఆటిజం మాయమైపోతుందన్నారు. అన్నయ్య వాళ్ళకు మంచినీళ్ళిచ్చి, మా అమ్మాయికి జబ్బేమీ లేదండీ, నేర్పేవాళ్ళే కావాలి, మీకేమైనా నేర్పడం వచ్చా అని అడిగాడు. మళ్ళీ ఈ ఛాయలకు వస్తే ఒట్టు.

ఆయన తప్పులు చేయలేదని కాదు. ఆ తప్పుల్లో ఒకటి మీలో చాలామంది ఒంటి మీదికే వచ్చింది.

"ఇవ్వు" అని చెయ్యి చాస్తే చేతిలో ఉన్నది ఇవ్వాలని తుమ్మెదకు ఈ గదిలో నేర్పారు. అన్నయ్య ఇంట్లోనూ అదే నేర్పాడు. బాగా వచ్చింది. ఆ సంబరంలో ఒక సాయంత్రం పిల్లను కౌంటర్లో నిలబెట్టి, మిషను మొరాయిస్తోందని లోపలికెళ్ళాడు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు "ఇవ్వమ్మా" అన్నారు. తుమ్మెద ఇచ్చింది. ఏది చేతికందితే అది ఇచ్చింది. బ్యాంకు మేనేజరు గారి ఇంటికి బ్యాండు మాస్టారి ఎర్రకోటు వెళ్ళింది. బ్యాండు మాస్టారి ఇంటికి ఎవరివో పసిపిల్లల దుప్పట్లు వెళ్ళాయి. నవ్వండి, నవ్వండి. ఈ కథ చెప్పేటప్పుడు ఆయన కూడా కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వేవాడు.

కానీ ఆ సాయంత్రం ఏం చేశాడో గుర్తుందా? స్కూటరు మీద కూతుర్ని వెనక కూర్చోబెట్టుకుని గడపగడపకూ తిరిగాడు. ఒక్క గడపలోనైనా మా పిల్ల అమాయకురాలండీ, క్షమించండి అన్నాడా? అనలేదు. "తప్పు నాది. నేర్పింది నేర్పినట్టే చేసింది మా అమ్మాయి. నేనే సగం నేర్పాను" అన్నాడు. మర్నాటి నుంచి మూట మూటకూ ఒక బొమ్మ, మీ చేతికిచ్చే చీటీ మీద అదే బొమ్మ. రెండు బొమ్మలూ కలిస్తేనే తుమ్మెద బట్టలిస్తుంది. అప్పటి నుంచి మూట మారింది లేదు. ఇవాళ్టికీ ఎంత పెద్ద ఆఫీసరైనా ఆ కౌంటరు ముందు నిలబడి నాది చేప, నాది గొడుగు అని చెప్పుకోవాల్సిందే.

ఇంకో సంగతి. బొత్తాం పెట్టుకోవడం, హ్యాంగరుకు చొక్కా తగిలించడం లాంటివి మన పిల్లలకు నేర్పేటప్పుడు ముందు మణికట్టు పట్టుకుని చేయిస్తాం. తర్వాత మోచెయ్యి పట్టుకుంటాం. ఆ తర్వాత భుజం మీద ఒక వేలు. చివరికి అదీ తీసేయాలి. పట్టుకోవడం ఎవరికైనా వస్తుంది. తీసేయడమే రాదు. పిల్ల తడబడితే మన చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. కన్నచెయ్యి కదా, ఆగదు. మీ సాయమే ఆ పిల్లకు అడ్డమొస్తోందని మేడమ్ ఆయన మొహం మీదే చెప్పారు. అన్నయ్య ఆ రాత్రి అన్నం తినలేదట, వదిన చెప్పింది. మర్నాడు షాపులో రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. తుమ్మెద ఒక్క చొక్కాతో తంటాలు పడుతోంది, చొక్కా కింద పడుతోంది, మళ్ళీ తీస్తోంది, ఈయన కదలడు. ఒక పెద్దమనిషి చూసి, పిల్ల చేత చాకిరీ చేయించి తమరు దొరలా నిలబడ్డారే అన్నాడు. "నేను చేసే పనులన్నిట్లోకీ ఇదే కష్టమైన పనండీ" అన్నాడు అన్నయ్య. దగ్గరగా చూసిన నాకు తెలుసు, జేబుల్లో ఆ పిడికిళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి.

ఇప్పుడు చివరి సంగతి. ఇది చెప్పడం నాకూ కష్టమే.

తన జబ్బు తగ్గేది కాదని డాక్టరు చెప్పిన రోజు అన్నయ్య ఇంటికి వెళ్ళలేదు, ఇక్కడికొచ్చాడు. ఎన్నాళ్ళు బతుకుతానని ఎవర్నీ అడగలేదు. ఈ గచ్చు మీదే కూర్చుని, "మేడమ్, చెయ్యి తీయడం నేర్పారు. మనిషిని ఎలా తీయాలి?" అని అడిగాడు.  దారి ఆయనే వెతుక్కున్నాడు.

ముందు కౌంటరు వెనక్కి జరిగి కూర్చున్నాడు. తర్వాత కుర్చీ షట్టరు బయట వేసుకున్నాడు. కొన్నాళ్ళకు ఎదురుగా ఉన్న టీ కొట్టుకు మారాడు. వెళ్ళేటప్పుడు తుమ్మెద చేత ఆ ఇసుక గడియారం తిప్పించేవాడు. ఇసుక అయిపోయేసరికి వచ్చేవాడు. మొదట రోజుకు ఒకసారి అలా వెళ్ళేవాడు, తర్వాత రెండుసార్లు. లోపల షాపులో ఇస్త్రీ చేసే బాబాయ్ తన పని తను చేసుకునేవాడు. పిల్ల అడిగితే తప్ప సాయం చేయొద్దని ఆయనకూ చెప్పి పెట్టాడు.

ఒకరోజు నన్ను పిలిపించాడు. ఇవాళ నేను వీధి మలుపులో నిలబడతాను, కౌంటరు నాకు కనపడుతుంది, తుమ్మెదకు నేను కనపడను, ఇసుక అయిపోయినా వెళ్ళను, నేను పరిగెత్తబోతే గట్టిగా పట్టుకో చెల్లెమ్మా అన్నాడు. అప్పటికే చిక్కి సగమయ్యాడు, పట్టుకోవడానికి నా బలం అక్కర్లేదు. అయినా పట్టుకున్నాను. ఇసుక అయిపోయింది. తుమ్మెద రాగం ఆగిపోయిందని బాబాయ్ తర్వాత చెప్పాడు. లేచింది, కూర్చుంది, తన చెయ్యి తనే కొరుక్కుంది. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి బాబాయ్ కళ్ళు మూసుకున్నాడు.  నేనే ఇక చాలన్నాను, పిల్ల దగ్గరికి వెళ్ళమన్నాను అన్నయ్యను. కదల్లేదు. అప్పుడు ఆ పిల్ల గడియారాన్ని చేతిలోకి తీసుకుంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ చూపించలేదు. తనే మళ్ళీ తిప్పింది. తిప్పి, కింద పడిన చొక్కా తీసి హ్యాంగరుకు తగిలించింది.

అన్నయ్య ఆ మలుపులో గోడకు ఆనుకుని ఏడ్చాడు. ఆయన ఏడవడం చూడటం నాకదే మొదలు, అదే ఆఖరు. "నేను లేకపోవడం దానికి కొత్త కాకూడదు చెల్లెమ్మా" అన్నాడు. ఆసుపత్రి మంచం ఎక్కే దాకా రోజూ ఆ మలుపులో నిలబడ్డాడు.

పెద్దన్నయ్య గారూ, ఇప్పుడు మీతో మాట్లాడుతున్నాను. మీరు ఆయనకు తోడబుట్టినవారు. హాస్టలు మాట మీరు ప్రేమతోనే అన్నారు, భయంతో అన్నారు, నాకు తెలుసు. వదిన షిఫ్టు డ్యూటీలు చేసుకుంటూ ఎలా చూసుకుంటుందన్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మీ తమ్ముడు ఆఖరి ఊపిరి దాకా నేర్పింది ఆ కౌంటరు వెనక నిలబడటం. ఆ కౌంటరు తీసేస్తే ఆయన నేర్పిందంతా ఎక్కడ నిలబడుతుంది? కొత్త గోడల మధ్య, కొత్త ముఖాల మధ్య ఆ పిల్ల మళ్ళీ మణికట్టు దగ్గర నుంచి మొదలుపెట్టాలా?

పెట్టక్కర్లేదు. నిన్న వదిన నాతో ఒకటే మాట చెప్పింది. షాపు తెరుస్తానంది. కాబట్టి రేపు పొద్దున షట్టరు లేస్తుంది. ఇస్త్రీ బాబాయ్ ఉంటాడు. తుమ్మెద కౌంటర్లో ఉంటుంది. మా సంఘంలోని అమ్మానాన్నలం వంతులవారీగా ఎదురుగా టీ కొట్టులో కూర్చుంటాం. పిల్ల పక్కన కాదు, ఎదురుగా. చేతులు జేబుల్లో పెట్టుకుని. జేబుల్లేనివాళ్ళు చేతులు కట్టుకుని. మీరంతా ఎప్పటిలాగే మూటలు తీసుకురండి. తుమ్మెద ఆలస్యం చేస్తే ఆగండి. పెద్దన్నయ్య గారూ, మీరూ ఒక వంతు తీసుకోండి. ఒక్కరోజు వచ్చి ఆ టీ కొట్టులో కూర్చుని చూడండి. ఆ తర్వాత కూడా హాస్టలే అంటే నా దగ్గరికి రండి. గొడవలు పడే డిపార్ట్‌మెంటు తెరిచే ఉంటుంది.

ఇక నేను చెప్పాల్సింది అయిపోయింది. దయచేసి అందరూ లేచి నిలబడండి. కుర్చీలు చప్పుడు కాకుండా, మెల్లగా.

ఎంతసేపు మౌనంగా ఉండాలో గోడ గడియారం చూసి నేను చెప్పను. తుమ్మెద తన గడియారం తిప్పుతుంది. ఆ ఇసుక రాలినంతసేపూ నిలబడదాం. తిప్పడానికి ఆమెకు కొంత సమయం పట్టొచ్చు. ఎవరూ చెప్పకండి, చూపించకండి, చెయ్యి పట్టుకోకండి. వదినా, నువ్వు కూడా. మధ్యలో ఆమె రాగం తీస్తుంది. ఎవరూ ఉష్ అనకండి, అది వాళ్ళ నాన్నకు బాగా తెలిసిన గొంతు.

ఇసుక అయిపోయాక నాన్న రాడు. అప్పుడు ఏం చేయాలో ఆమెకు తెలుసు. ఆమె మళ్ళీ తిప్పితే, మనం మళ్ళీ నిలబడే ఉందాం.