మూసీని తోమిన నురగ

నాచారంలో బిక్షపతి టీ కొట్టుకి దయాకర్ వచ్చాడంటే టీ అమ్ముడుపోయేది గానీ బల్ల ఖాళీ అయ్యేది కాదు. పక్క గల్లీలో ఈస్టుతో సబ్బులాంటి సరుకు తయారుచేసే కంపెనీలో దయాకర్ ట్యాంకు ఆపరేటరు. ఈసారి బ్యాచు సరిగ్గా రాకపోతే ఆ సరుకు చెయ్యడమే మానేస్తానని ఓనరు చెప్పేశాడు. ఆ సంగతి తెలిసిన బిక్షపతి ఆ సాయంత్రం కాస్త ఓపికగానే విన్నాడు.

"ఈస్టు గూడ మన లెక్కనే మామా. నూనె, చక్కెర ఒక్కపారే వెడితే తిని పంటది, పని జెయ్యది. మా ల్యాబోళ్లు గట్లనే గుమ్మరిస్తున్నరు. నేనేం జేసిన? నూనె కుళాయి జర సన్నగ ఇడిసిన, చుక్క చుక్క. గా తర్వాత ఏమైందో ఎర్కేనా?"

"ఏమైంది?" అన్నాడు బిక్షపతి, పాలు పొంగకుండా చూసుకుంటూ.

"నురగ. ట్యాంకు మూత లేసింది, పైన రేకులు లేసినయ్. గేటు దాటి ఉప్పల్ రింగు రోడ్డెక్కింది. బస్సులన్నీ కడిగినట్టయినయ్. ట్రాఫిక్ పోలీసాయన మెడల దాక మునిగి గూడ చెయ్యి ఊపుతనే ఉండె."

"మరి మెట్రో?" అందించాడు బల్ల మీదున్న ఆటో డ్రైవరు సాయి కుమార్.

"కరెంటు లేకుండనే నాగోల్ దాక జారుకుంట పోయింది. ఆడికెళ్లి నురగ మూసీల వడ్డది. నది అద్దమైంది. అంబర్‌పేట్‌ల బర్రెలు నీళ్లల్ల దిగి తెల్లగ బయటికొస్తే, ఓ ముసలామె ఆవులనుకొని బొట్టు వెట్టింది. చేపలు తలకాయలు పైకి లేపి, ‘దయాకరన్నా, ఇగ చాలు, కండ్లు మండుతున్నయ్’ అన్నయ్."

"నీ పేరెట్ల దెల్సు వాటికి?" అన్నాడు బిక్షపతి.

"మస్తు పేరొచ్చింది మామా."

ఆ కంపెనీ ల్యాబులో పనిచేసే సత్యవేణి ఎప్పుడొచ్చిందో, వెనక నిలబడి ఉంది. కాకినాడ వైపు అమ్మాయి.

"దయాకర్ గారూ, టీకి వచ్చేముందు నూనె కుళాయి కట్టేశారా?"

దయాకర్ దిగ్గున లేచాడు. గ్లాసు బిక్షపతి చేతిలో పెట్టి, ఒక చెప్పు అక్కడే వదిలేసి ఉరికాడు.

బిక్షపతి స్టవ్వు తగ్గించి ఆమె వైపు తిరిగాడు. "బ్యాచు పోయినట్టేనా బిడ్డా?"

"లేదు బాబాయ్, నేను కట్టేసే వచ్చాను." ఆమె బల్ల మీద తీరిగ్గా కూర్చుంది. "ఆ చుక్క చుక్క మాట మాత్రం నిజమే. బ్యాచు బ్రహ్మాండంగా వస్తోంది. ఆయనకి చెబుదామనే వచ్చాను."

"మరి చెప్పకపోతివి?"

"చెప్తాను. కాసేపు పరిగెత్తనివ్వండి."