నీళ్లు ముట్టని మూడు రోజులు

చంద్రరావు గారి పేరు చదువులోంచి కొట్టేస్తారంటేంటండి గుమస్తా గారూ! ఆయన చేసిన తప్పేంటని? నన్నడగండి, చెబుతాను. అందుకేగా తమరు కాగితాలు పట్టుకుని ఇంత దూరం వచ్చారు.

చెన్నపట్నం యూనివర్సిటీ చదువండి ఆయనది. ఏడాదిపాటు మా గోదారి మీద పనిచేసి రిపోర్టు రాస్తేగాని పట్టా ఇవ్వరట. రోజూ పొద్దున్నే నా పడవెక్కి ఏట్లో కొలత స్తంభం దాకా వచ్చేవారు. నీరెంతుందో రాసి ధవళేశ్వరం ఆనకట్ట ఆఫీసుకి పంపేవారు. ఆ లెక్క పెరిగితేనే కదండీ, లంకల్లో జనాన్ని గట్టుకి తెచ్చే పడవలు కదిలేది?

'గంగయ్యా, నాకు సగం పాఠం నువ్వే చెబుతున్నావు' అనేవారు. చేపలు పట్టుకునేవాణ్ణి, నన్ను!

సరే. ఆషాఢంలో ఎర్రనీరు దిగింది. ఆయనకేమో జ్వరం. 'ఈ మూడ్రోజులూ నువ్వు చూసి చెప్పు, నీ మాట మీదే రాస్తాను' అన్నారు. అలాగేనన్నాను.

తమరికి తెలీదేమో. కొత్తనీరొచ్చిన మూడ్రోజులూ ఆడవాళ్ళకిలాగే గోదారమ్మకీ మైలండి. మేం వల వెయ్యం, పడవ దింపం, కాలైనా తడపం. గట్టు మీంచి చూస్తే స్తంభం మీద గీతలు కంటికి ఆనవు. అయినా నలభై ఏళ్ళుగా ఏరు చూసిన కన్ను, ఈ మాత్రం చెప్పలేనా అనుకున్నాను. దగ్గరికెళ్ళి చూశానన్నాను. మూడు పొద్దులూ జానెడే పెరిగిందన్నాను. ఆయన రాసేశారు. పడవలు కదల్లేదు.

నాలుగోనాడు తెల్లారేసరికి లంకలో పాకలు లేవండి. మా లోవమ్మ అక్కడే చేపలెండబెట్టేది. మా ఇంటిదండి. రెండ్రోజులు వెతికాం. దొరకలేదు.

ఏంటి, అలా చూస్తున్నారు? ఏడుపు రావట్లేదండి. అన్నం పెడితే తింటున్నాను. పడుకోమంటే పడుకుంటున్నాను. మా చెల్లెలు తిట్టింది కూడాను, నువ్వు మనిషివేనా అని.

ఏడ్చింది చంద్రరావు గారండి. తప్పు తనదేనని రాసిచ్చేశారటగా? నా పేరే ఎత్తలేదటగా? పిచ్చి మారాజు!

రాసుకోండి. గంగయ్య స్తంభం దగ్గరికి వెళ్ళలేదు, వెళ్ళానని అబద్ధమాడాడు. నిశానీ ఎక్కడ పెట్టమంటారు?

ఎందుకెళ్ళలేదంటారా? వెళ్దామనే అనుకున్నానండి, ఆయన మాట కొట్టెయ్యలేక. కానీ ఎర్రనీరు దిగే ముందురోజే లంకకి బయల్దేరుతూ లోవమ్మ చేతిలో చెయ్యి వేయించుకుంది. ఆ మూడ్రోజుల్లో నీళ్ళు ముడితే తను చచ్చినంత ఒట్టంది.

ఒట్టు తప్పలేదండి నేను. ఇది రాయక్కర్లేదు లెండి.